మార్కుల జాబితాకు యాప్ అక్కర్లేదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన వారం గోపాలపట్నం నుంచి వచ్చే ఒక పిల్లాడి అమ్మగారు ఫోను పట్టుకుని నా గదికి వచ్చారు. "మాస్టారూ, ఇది మీరు పంపిందేనా?" అని అడిగారు. చూస్తే వాట్సాప్‌లో మన బడి పేరుతో 'మార్కుల జాబితా' అని ఒక ఫైలు. పేరు చివర చుక్క, దాని పక్కన ఏపీకే అని మూడు ఇంగ్లిషు అక్షరాలు. ఆవిడ నొక్కకుండా అడగడం మంచిదైంది. బడి నుంచి అలాంటి ఫైలు ఎప్పుడూ రాదు.

మార్కులైతే ఫొటోగానో పీడీఎఫ్‌గానో పంపుతాం. ఏపీకే అంటే కాగితం కాదు, యాప్. ప్లే స్టోర్ అనే వీధి గుమ్మం వదిలేసి పెరటి గోడ దూకి వచ్చే యాప్. నొక్కగానే ఫోనే అడ్డుపడుతుంది, సెట్టింగ్స్‌లో అనుమతిస్తేనే ఎక్కిస్తానంటుంది. అక్కడే ఆగిపోండి. ఒప్పుకున్నారో, తర్వాత ఆ యాప్ ఎస్ఎంఎస్‌లు చదవనివ్వమంటుంది. బ్యాంకు ఓటీపీలు వచ్చేది వాటిలోనే కదా! ఇవాళ మార్కులు, రేపు పెళ్లి శుభలేఖ, ఎల్లుండి ట్రాఫిక్ చలానా. పేరు ఏదైనా లోపల సరుకు అదే.

అలాగని ప్లే స్టోర్‌లో ఉన్నవన్నీ మంచివని కాదు. బోనఫైడ్ సర్టిఫికెట్లు స్కాన్ చేద్దామని ఆమధ్య నేనే 'స్కానర్' అని వెతికి, అన్నిటికన్నా పైన కనిపించినదాన్ని ఇన్‌స్టాల్ చేశాను. అది డబ్బు కట్టి పైన పెట్టించుకున్న ప్రకటన. ఆ మాట చిన్న అక్షరాల్లో అక్కడే ఉంది, నా కళ్లజోడు మాత్రం బల్ల మీద ఉంది. రెండు రోజులపాటు ఫోను తీస్తే చాలు, తెర నిండా ప్రకటనలే. చివరికి ఆరో తరగతి అమ్మాయి అర నిమిషంలో తీసేసి ఇచ్చింది.

కాబట్టి యాప్ పేరు కింద చిన్నగా ఉండే తయారీదారు పేరు చదవండి. రివ్యూల్లో ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు ఏం రాశారో ముందు చూడండి, ఐదు స్టార్లవి తర్వాత. పాఠాల కోసం దీక్ష యాప్ ఉంది. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వేదిక అది, పైసా కట్టక్కర్లేదు. డబ్బు అడిగితే అది దీక్ష కాదు.

పిల్లల చేతికి వేరే ఫోను ఇచ్చినవాళ్లు గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోండి. వాళ్లు కొత్త యాప్ నొక్కితే మీ ఫోనుకి కబురొస్తుంది, మీరు సరేనన్నాకే దిగుతుంది. మొదటి వారం ఇంట్లో కాస్త అలకలుంటాయి.

ఇప్పటికే ఏదైనా ఏపీకే నొక్కేసి ఉంటే ఆ ఫోనుకి నెట్ ఆపేయండి. డబ్బు పోయిందని తెలిస్తే వేరే ఫోను నుంచి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ఎవరైనా నవ్వుతారేమోనని గంటలు గడిపేయొద్దు.

ఈ శనివారం మధ్యాహ్నం 3 నుంచి 5 వరకు కంప్యూటర్ గదిలో ఉంటాను. ఏ యాప్ ఉంచాలో ఏది తీసేయాలో తేలకపోతే ఫోను పట్టుకుని రండి. ఛార్జింగ్ పెట్టుకుని రండి, అక్కడ ప్లగ్గులు రెండే ఉన్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు,
విశాఖపట్నం