కలివికోడి సరే, కలివి పొద మాటేమిటి?

సంపాదకుల వారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో కలివికోడి అనే అరుదైన పిట్ట మీద వచ్చిన కథనం చదివాను. అప్పుడే రాయాల్సింది, నిమ్మకాయల కోతల్లో పడి ఆలస్యమైంది. పిట్ట గురించి బాగానే రాశారు. 1900 తర్వాత కనపడకపోవడం, ఇక లేదనుకున్నాక 1986 జనవరిలో మన కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరకడం, అంతా ఉంది. కానీ అరపేజీ కథనంలో కలివి పొద గురించి ఒక్క ముక్క లేదు. ఆ పిట్టకు ఆ పేరు ఎందుకొచ్చిందనుకున్నారు?

పగలంతా అది దాక్కునేది ఆ ముళ్ల పొదల మాటునే. రాత్రయితే పొదల మధ్య ఖాళీ నేలలో పురుగులు ఏరుకుంటుంది. పొదలు మరీ దట్టంగా ఉన్నా పనికిరాదు, బొత్తిగా లేకపోయినా పనికిరాదు. మేకలు మేపేవాళ్లకు తెలిసిన ఈ సంగతి ఫైళ్లలోకి ఎందుకెక్కదో!

మొన్న ఎండాకాలం మా ఊరి పక్క పోరంబోకులో జేసీబీ పెట్టి రెండు రోజుల్లో కలివి, రేగు, పరికి అన్నీ వేళ్లతో సహా పెకిలించేశారు. ఆఫీసుకు వెళ్లి అడిగితే ఒకాయన 'ముళ్లకంపకు కేసేంటి సార్' అని నవ్వాడు. ఇంకో కుర్రాడు సెల్‌ఫోన్లో వెతికి, అంతరించే ముప్పున్న జీవుల లెక్క చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో కలివి మొక్కకు ముప్పు లేదని రాసుందని చూపించాడు. నిజమే, కాదనను. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా పెరిగే మొక్క అది. కానీ మన లంకమల కొండల కింద ఉండే పిట్ట ఆఫ్రికా పొదలోకి పోయి పడుకుంటుందా? పిట్టేమో అదే జాబితాలో అత్యంత ప్రమాదంలో ఉన్నదాని కింద ఉంది. ఇల్లు కూల్చేసి ఇంటాయనకు కాపలా పెట్టినట్టుంది వ్యవహారం.

ఇదే కొండల్లో ఎర్రచందనం దుంగకు పోలీసులు, చెక్‌పోస్టులు. కలివి కంపకు రేటు లేదు కాబట్టి దిక్కూ లేదు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకాల్లో పొదలు పోయాక గొడవై కాలువ దారి మార్చారు. అప్పుడైనా బుద్ధి వచ్చిందనుకున్నాం. తర్వాత నిమ్మతోటలకు ఎంత కంప కొట్టారో అందరికీ తెలుసు. నాకూ రెండెకరాల తోట ఉంది, దాచుకోవడం దేనికి. మా నాయన కంప కొట్టే వేశాడు. అప్పట్లో చెప్పేవాడు లేడు.

ఆస్ట్రేలియాలో దీన్ని బుష్ ప్లమ్ అంటారట, అక్కడి ఆదివాసులకు ఇష్టమైన పండట. మన పిల్లలకు ప్లమ్ అంటే ప్లాస్టిక్ డబ్బాలో వచ్చేదే. చొక్కా చింపుకొని, చేతులు గీరుకొని నల్లటి కలివిపండ్లు తిన్న తరం మాతో సరి. మున్సిపాలిటీలకేమో డివైడర్ల మీద కోనోకార్పస్ అనే పరాయి దేశపు చెట్లు నాటడానికి డబ్బులుంటాయి. అవి ఎవరికీ వద్దని తేలాక పీకడానికీ ఉంటాయి. నీళ్లు పోయకుండా బతికే కలివిని కంచెగా వేయమంటే మాత్రం నర్సరీలో లేదంటారు. విత్తనం వేస్తే కదా ఉండేది!

ఇంకో మాట. మీ కథనం పక్కన 'కలివికోడి ఆవాసం' అని వేసిన ఫొటోలో ఉన్నది కలివి కాదు, సర్కారు తుమ్మ. కనీసం సవరణ వేయండి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బద్వేలు