వయసు చెప్పారు, కారణం కూడా చెప్పండి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, తల్లిదండ్రులు ఆలోచించి పిల్లలకు చూపించాలని సినిమాలకిచ్చే పాత యూఏ సర్టిఫికెట్‌ను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. మంచి పని. అంతకుముందు నాలుగేళ్ల పాపనీ పదకొండేళ్ల కుర్రాణ్నీ ఒకే గాటన కట్టేవారు.

కానీ గేటు దగ్గర మారిందేమీ లేదు. ‘ఏ’ సినిమాకి 18 నిండనివాళ్లను రానివ్వకూడదు. యూఏ 16+ అలా కాదు, అది తల్లిదండ్రులకు సలహా మాత్రమే. ఐదేళ్లవాణ్ని చంకనేసుకుని వచ్చినా చట్టం ఆపదు. ఆపమని మేమూ అడగడం లేదు. నిర్ణయం అమ్మానాన్నలదే అన్నప్పుడు, ఆ సినిమాలో ఏముందో వాళ్లకు తెలియాలి కదా. పోస్టర్ మూలన ఉన్న ఆ అంకె నెత్తురు వల్ల వచ్చిందా, బూతుల వల్లా, దయ్యం వల్లా?

ఏడేళ్ల లోపు పిల్లలు రూపాన్ని చూసి జడుసుకుంటారు. ముఖం వికృతంగా మారినా, ఉన్నట్టుండి పెద్ద శబ్దం వచ్చినా చాలు. ‘అదంతా మేకప్ నాన్నా’ అన్నా వాళ్లకు ఊరట ఉండదు. కాస్త పెద్దయ్యాక భయం నిజంగా జరగగల వాటి మీదికి మళ్లుతుంది. రబ్బరు దయ్యాన్ని చూసి నవ్వే పదేళ్ల పిల్లే, కిడ్నాప్ సీను చూశాక ఒంటరిగా పడుకోనంటుంది.

విచిత్రమేమిటంటే, 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు వయసుతో పాటు సినిమాలో ఏముందో కూడా చూపాలి. యూఏ 13+ నుంచి పేరెంటల్ లాక్ ఇవ్వాలి. అదే సినిమా హాల్లో ఆడితే ఆ ఒక్క లైను అక్కర్లేదా? సౌండు తగ్గించడానికి అక్కడ రిమోట్ కూడా ఉండదు.

సినిమా చూసిన సెన్సార్ సభ్యులకు కారణం ఎలాగూ తెలుసు. దాన్నే పోస్టర్ మీద, ట్రైలర్‌లో, టికెట్ యాప్‌లో డబ్బు కట్టే బటన్ పైన వేయించండి. తెర మీద సర్టిఫికెట్ పడేసరికి పిల్లాడి చేతిలో పాప్‌కార్న్ ఉంటుంది, ఇంక లేచేదెవరు? ‘హింస’ అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు. ‘నెత్తురు కనిపించే కొట్లాటలు, పిల్లల అపహరణ, ఉలిక్కిపడేలా చేసే శబ్దాలు’ అని విడమరచి రాయాలి, తెలుగు సినిమాకి తెలుగులోనే.

ఎవరైనా చూడొచ్చనే యూ సర్టిఫికెట్ వచ్చిన సినిమాలకూ ఇది కావాలి. తల్లి చనిపోయే సీను ఉందని ముందే తెలిస్తే, ఈమధ్యే అమ్మను పోగొట్టుకున్న పిల్లను ఆ వారం ఇంకో సినిమాకి తీసుకెళ్తారు.

ఇట్లు,
పిల్లల సినిమాల మీద పనిచేసే కొందరం