మబ్బు పట్టినా మా చేలో ఏ పంటుందో చూడొచ్చు, మంత్రి గారూ

రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది పల్నాడులో మూడెకరాల సేద్యం. ఓ ఏడాది రెండెకరాల్లో మిర్చి వేస్తే పంట నమోదు రికార్డులో పత్తి అని పడింది. ఆరా తీస్తే, వానకి చేలోకి దిగలేక గట్టు మీద నుంచే ఫొటో తీశారట, అందులో పడింది పక్క చేను. నమోదుకి వచ్చినతన్ని తప్పు పట్టను, ఒక్క మనిషి అన్ని వందల ఎకరాలు తిరగడం ఎవరి తరమూ కాదు. కానీ తుపానుకి మిర్చి కుళ్లిపోయాక పరిహారం జాబితాలో మా నాన్న పేరు లేదు.

ఖరీఫ్‌లో మామూలు ఉపగ్రహ ఫొటోలతో పని జరగదు, సరిగ్గా కావలసిన నెలల్లోనే ఆకాశం మూసుకుపోతుంది. రాడార్‌కి ఆ బాధ లేదు, తనే తరంగాలు పంపి తిరిగొచ్చినవాటిని పట్టుకుంటుంది, రాత్రయినా మబ్బయినా ఒకటే. అప్పుడే నాటిన వరి మడిలో నిలిచిన నీళ్లు అద్దంలా తరంగాన్ని అవతలికి తోసేస్తాయి కాబట్టి రాడార్ బొమ్మలో మడి నల్లగా కనిపిస్తుంది, పిలకలేసి దుబ్బు కట్టాక తరంగం నీటికీ కాడకీ తగిలి వెనక్కొస్తుంది, అదే మడి తెల్లబడుతుంది. మా పత్తి, మిర్చి తగాదా కూడా ఇలాగే తేలుతుంది. ఆగస్టు చివరికి పత్తి మోకాలు దాటుతుంది, మిర్చి నారు అప్పుడప్పుడే నాటుతుంటాం. ఆ వారంలో ఒకసారి, నవంబరులో ఇంకోసారి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఇది కొత్త విద్య కాదు. 1989లోనే నాసా వాళ్ల జేపీఎల్ ప్రయోగశాల రాడార్ విమానం నెదర్లాండ్స్‌లో ఫ్లెవోలాండ్ పొలాల మీద ఎగిరింది, బంగాళాదుంప, షుగర్‌బీట్, గోధుమలను విడదీసే పద్ధతులను పరిశోధకులు ఇప్పటికీ ఆ డేటా మీద పరీక్షిస్తున్నారు. అయితే అక్కడ నీళ్లు తోడేసి తీసిన నేల, గీత గీసినట్టు పెద్ద చేలు. మా దగ్గర ఎకరంలోనే మిర్చి, గట్టున కంది, మూలన జొన్న. వాళ్ల లెక్క తెచ్చి మాకు వేస్తే కుదరదు.

2025 జులై 30న మన శ్రీహరికోట నుంచే నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం నైసార్ వెళ్లింది, 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది, చాలా సంతోషం. కానీ రాడార్ బొమ్మలో ఉప్పు చల్లినట్టుండే మచ్చలు తగ్గించడానికి పక్కపక్క చుక్కలు కలిపి సగటు కడతారు, అందులో అర ఎకరం ముక్క అంచులు పక్క చేలో కలిసిపోతాయి. విమానంలో పెట్టిన రాడార్ ఇంకా వివరంగా చూడగలదు, మనకి కావలసిన వారంలో ఎగరగలదు. నైసార్‌కి ముందు ఇస్రో అలాంటి రాడార్ తయారుచేసి ఎగిరించింది కూడా.

దయచేసి ఇస్రోతో మాట్లాడి ఒక్క ఖరీఫ్‌లో పల్నాడులో కొన్ని మండలాల మీద ఎగిరించండి. అదే రోజు కింద సిబ్బంది చేలోకి దిగి ఏ పంటో రాసుకోవాలి, ఆ లెక్క లేకపోతే పైనుంచి తీసిన బొమ్మ ఎంత బాగున్నా ఉపయోగం లేదు. వచ్చిన మ్యాపు ఊళ్లో గోడకి అంటించండి, తప్పుంటే మేమే వేలు పెట్టి చూపిస్తాం. ఒక్క మాట, ఫైలు ఆగస్టులోపే కదలాలి. మిర్చి ఎదిగిపోయాక ఆ తేడా పట్టుకోవాలంటే మళ్లీ ఏడాది ఆగాలి.

ఇట్లు,
పల్నాడు రైతు కొడుకు