పాత రాతి మిద్దె, కొత్త తరగతి గదులు

తల్లిదండ్రులకు నమస్కారం.

కొత్త తరగతి గదుల పునాదులు ఈ నెలలో పూర్తవుతాయని గత సంచికలో రాశాం. కాలేదు, ఎందుకంటే ప్లాను మారింది. గేటుకు ఎదురుగా ఉన్న పాత రాతి మిద్దెను పడగొట్టడం లేదు. కొత్త భవనమే చింతచెట్ల వైపు జరిగింది. దీనివల్ల గ్రౌండులో ఒక మూల పోతుంది. క్రికెట్ పిల్లలు ఇప్పటికే నా గదికి వచ్చి గట్టిగా అడిగి వెళ్లారు.

"పాతది తీసేస్తే స్థలం, డబ్బు రెండూ మిగిలేవి కదా మేడమ్" అని మీటింగులో కొందరు అన్నారు. డబ్బు సంగతి నిజమే, ఖర్చు కొంత పెరుగుతుంది. కానీ ఆ మిద్దెకు వచ్చిన జబ్బు పైకప్పు కారడం ఒక్కటే. ఎండాకాలంలో టీచర్లందరూ పోటీపడి అడిగేది ఆ గదులనే. కర్నూలు ఎండ గురించి మీకు నేను చెప్పాలా! కారడానికి కారణం కూడా ఎప్పుడో పైన పూసిన సిమెంటే. సున్నపు గచ్చు తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పడితే తేమ లోపలే ఉండిపోయి గోడను తినేస్తుంది. అందుకని సిమెంటు చెక్కేసి గానుగ సున్నంతో, అంటే గానుగలో నూరిన సున్నంతో, పని చేయిస్తున్నాం. ఆరడానికి రోజులు పడుతుంది, తొందరపెడితే పగుళ్లిస్తుంది.

ఒక తండ్రిగారు మాత్రం కర్నూలు దగ్గరి జగన్నాథగట్టు కొండ మీద గుడిని కట్టినట్టు దీన్నీ విప్పి ఇంకోచోట కడితే పోలేదా అన్నారు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అక్కడికి తెచ్చారు. కూడవెల్లి గుడిని అలాగే అలంపురానికి చేర్చారు. అక్కడ నీళ్లు వచ్చి మీదపడుతున్నాయి, వేరే దారి లేదు. ఇక్కడ అడ్డం వచ్చింది మన ప్లానే. కాగితం మీది గీతను జరపడం తేలిక.

కేంద్రం రక్షిస్తున్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. మన బడి ఆ పరిధిలో లేదు. చట్టం అడ్డురాలేదు కాబట్టి కూల్చేయొచ్చు అనే వాదన నాకు నచ్చలేదు, కమిటీకీ నచ్చలేదు.

ఇక రెండో విషయం. చింతచెట్ల దగ్గర పునాది కాలువలు తీస్తుంటే నలుపు, ఎరుపు రంగుల కుండపెంకులు బయటపడ్డాయి. పని ఆపించి రెవెన్యూ, పురావస్తు శాఖల వాళ్లకు తెలియజేశాం. అవి ఏ కాలానివో వాళ్లే చెప్పాలి, నేను ఊహించి రాయను. దొరికిన పాత వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. ఈరోజు ఆ పది రూపాయలకు టీ వస్తే గొప్ప, కానీ చట్టం అమల్లోనే ఉంది.

ఇంటర్వెల్‌లో కొందరు పిల్లలు ఆ పెంకులను జేబుల్లో వేసుకున్నారు. దయచేసి బ్యాగులు ఒకసారి చూడండి. తిట్టకండి, ఆ వయసులో ఎవరైనా తీస్తారు. పెంకు విలువంతా అది ఎక్కడ, ఏ పొరలో, దేని పక్కన ఉందన్న దానిలోనే ఉంది. మన బనగానపల్లె దగ్గరి జ్వాలాపురమే చూడండి. దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద అక్కడిదాకా వచ్చి పడింది. రాతి పనిముట్లు ఆ బూడిద పొర కిందా ఉన్నాయి, పైనా ఉన్నాయి. అందుకే పేలుడుకు ముందూ తర్వాతా అక్కడ మనుషులు ఉన్నారని పరిశోధకులు చెప్పగలిగారు. అదే రాయిని ఎవరో ముందే ఇంటికి పట్టుకుపోయి ఉంటే అది ఉత్త రాయి.

తెచ్చిన ముక్కలను కడగకుండా కాగితంలో చుట్టి ఆఫీసులో ఇవ్వండి, ఎక్కడ దొరికిందో పిల్లల చేత ఒక మాట రాయించండి. ఎవరినీ ఏమీ అనం. కాలువల చుట్టూ తాడు కట్టాం కాబట్టి ఉదయం పిల్లల్ని వెనక గేటు దగ్గర దింపండి.

గచ్చు పని తెలిసిన పెద్ద మేస్త్రీలు బేతంచర్ల, ఆదోని వైపు ఎవరైనా మీకు తెలిసుంటే ఆఫీసులో చెప్పండి. ఇప్పుడు ఒక్కరే ఉన్నారు, ఆయనకు వయసైంది, నేర్చుకునే కుర్రాళ్లు దొరకడం లేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు