ఈసారి రివ్యూలు, హారర్ తీసే ఆడవాళ్ళ ఇంటర్వ్యూలు

ఫ్రెండ్స్, ఈ నెల చిన్న సినిమాలకే చోటిద్దాం, పెద్ద సినిమాల గురించి రాసేవాళ్ళు ఎలాగూ బోలెడుమంది ఉన్నారు. మొదటిది 'హుయెసెరా', 2022లో వచ్చిన మెక్సికన్ హారర్, డైరెక్టర్ మిషెల్ గార్జా సెర్వెరా. ఇందులో హీరోయిన్ కడుపుతో ఉంటుంది, వడ్రంగి పని తెలిసిన మనిషి, పుట్టబోయే బిడ్డకి తొట్టి తనే చేస్తుంది, టెన్షన్ వస్తే మెటికలు విరుచుకుంటుంది, ఆ ఎముకల చప్పుడే సినిమాలో మనల్ని వణికిస్తుంది. అందుకే ఫోన్ స్పీకర్లో చూడకండి ప్లీజ్, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. రివ్యూలో కథంతా చెప్పేయొద్దు, ఏ సీన్ ఎందుకు పని చేసిందో రాయండి చాలు.

ఇక ఇంటర్వ్యూల సంగతి. "ఆడవాళ్ళయి ఉండి హారర్ ఎందుకు" అన్న ప్రశ్న మాత్రం మనం అడగం. జూలియా డుకోర్నో 2021లో 'టిటాన్'తో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అన్నిటికంటే పెద్ద అవార్డు పామ్ డోర్ గెలిచింది, 2024లో అక్కడే కోరలీ ఫార్జాకి 'ది సబ్‌స్టెన్స్' స్క్రీన్‌ప్లే అవార్డు తెచ్చింది, ఇంకా అదే ప్రశ్నా! పని గురించి అడుగుదాం: ఆ రక్తం దేంతో చేశారు, ప్రాస్థెటిక్స్ (ఒంటికి అతికించే నకిలీ చర్మం, గాయాలు) వేయడానికి ఎంతసేపు పట్టింది, ప్రొడ్యూసర్ తీసేయమన్నా పట్టుబట్టి ఉంచిన సీన్ ఏది. డైరెక్టర్లే కాదు, మేకప్, ఎడిటింగ్, సౌండ్ చేసే ఆడవాళ్ళతో కూడా మాట్లాడాలని నాకు గట్టిగా ఉంది, వాళ్ళని అడిగేవాళ్ళే తక్కువ. మీ ప్రశ్నలు ఆదివారం లోపు ఇక్కడే పెట్టేయండి.