వాక్యం మార్చడం నేర్పుతున్నామా, సూత్రం వల్లింపజేస్తున్నామా?

సంపాదకులు గారికి,

నమస్కారాలు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష మొదలుకొని ఉద్యోగాల పోటీ పరీక్షల దాకా, ఇంగ్లీషులో ఒక వాక్యం ఇచ్చి దాన్ని మరో రకంగా మార్చి రాయమనే ప్రశ్నలు మన పిల్లలకు ఎదురవుతూనే ఉంటాయి. వీటిని బడుల్లో బోధిస్తున్న తీరు గురించి, చాలాకాలం ఇంగ్లీషు చెప్పిన ఉపాధ్యాయుడిగా నాలుగు మాటలు రాస్తున్నాను.

‘టూ పోయి సో వస్తుంది, టు పోయి దట్, కెనాట్ వస్తాయి’ అని పిల్లల చేత వల్లె వేయిస్తున్నాం. ‘హి ఈజ్ టూ వీక్ టు వాక్’ అన్న వాక్యానికి ఈ సూత్రం చక్కగా అతుకుతుంది; ‘హి ఈజ్ సో వీక్ దట్ హి కెనాట్ వాక్’ అవుతుంది. ‘ఈజ్’ స్థానంలో ‘వాజ్’ ఉంటే మాత్రం చాలామంది ‘కుడ్ నాట్’ రాయవలసిన చోట కూడా ‘కెనాట్’ అనే రాసేస్తారు. జరిగిపోయిన సంగతి చెబుతున్నామన్న ధ్యాస ఆ సూత్రంలో లేదు మరి.

పాసివ్ వాయిస్ విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. తెలుగులో ఇలా పని చేసినవారిని వెనక్కి నెట్టి, ఆ పనికి గురైనదాన్ని ముందుంచే కర్మణి వాక్యం వాడుకలో అరుదు గనుక, ఈ మార్పు ఎందుకు చేయాలో విద్యార్థికి అంతుపట్టదు. నిజానికి ఆ అవసరం మనకూ ఉంది. ‘మా వాగు మీద వంతెన కట్టారు’ అంటాం. కట్టింది ఎవరో చెప్పం, చెప్పనక్కరలేదు. మనకు ‘కట్టారు’ అన్న క్రియ ఒక్కటే చాలు. ఇంగ్లీషులో కర్త స్థానం ఖాళీగా ఉంచడం కుదరదు గనుక వంతెననే అక్కడికి తెచ్చి ‘ఎ బ్రిడ్జ్ వాజ్ బిల్ట్’ అంటారు. ఈ సంగతి ఒకసారి విడమరచి చెబితే, ‘మై సైకిల్ వాజ్ స్టోలెన్ బై సమ్‌వన్’ అన్న వాక్యంలో చివరి రెండు మాటలు ఎందుకు అనవసరమో పిల్లలే పసిగడతారు.

మరో చిక్కు ఎవరూ పట్టించుకోనిది. సామాన్య, సంక్లిష్ట, సంయుక్త వాక్యాలను పిల్లలు తెలుగు పీరియడ్‌లోనూ నేర్చుకుంటారు. ‘అన్నం తిని బడికి వెళ్లాడు’ అన్నది, ‘తిని’ అనే అసమాపక క్రియ (వాక్యాన్ని ముగించని క్రియ) ఉంది గనుక తెలుగు వ్యాకరణం ప్రకారం సంక్లిష్ట వాక్యం. అదే అర్థాన్ని ‘హావింగ్ ఈటెన్, హి వెంట్ టు స్కూల్’ అంటూ ఇంగ్లీషులో రాస్తే, సమాపక క్రియ (వాక్యాన్ని ముగించే క్రియ) ‘వెంట్’ ఒక్కటే ఉంది గనుక అది సింపుల్ వాక్యం, అంటే సామాన్య వాక్యం అవుతుంది. గంట తేడాతో రెండు పీరియడ్లలో రెండు రకాలుగా విన్న పిల్లవాడు, ఏది నిజమో తేలక, గైడులోని జవాబును కంఠస్థం చేయడమే మేలనుకుంటాడు. అతణ్ణి తప్పుపట్టలేం.

రెండు తెలుగు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలు (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థలు) ఉపాధ్యాయ శిక్షణలో తెలుగు, ఇంగ్లీషు బోధించేవారిని ఒకచోట కూర్చోబెట్టి ఈ పాఠాలను కలిపి చర్చింపజేయాలని కోరుతున్నాను. ప్రశ్నపత్రాల్లో కూడా విడి వాక్యాలకు బదులు, తెగిపోయినట్టున్న అయిదారు పొట్టి వాక్యాల పేరా ఇచ్చి, చదవడానికి సాఫీగా ఉండేలా కలిపి రాయమంటే, విద్యార్థి ఏ వాక్యాన్ని ఎందుకు మార్చాలో తానే ఆలోచించవలసి వస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
తెనాలి