సక్షన్ తగ్గిందన్నావ్ కదా, అందుకే ఈ ఉత్తరం

చిన్నా,

కస్టమర్ కార్పెట్ రెండ్రోజులైనా ఆరలేదు, వాసనొస్తోందని ఆవిడ గొడవ పెట్టుకుందని ఫోన్లో చెప్పావ్ కదా, అప్పట్నుంచి నాకు కార్పెట్ కడిగి తడి లాగే ఆ మెషిన్ ధ్యాసే. ఫోన్లో చెప్తే పని హడావిడిలో సగం వదిలేస్తావని రాస్తున్నా.

మోటర్ మార్చేద్దాం అంటున్నావ్, అంత తొందరొద్దురా. ముందు మురికి నీళ్ళ ట్యాంకు మూత చుట్టూ ఉన్న రబ్బరు తుడిచి చూడు, అది పగిలినా పక్కకి జరిగినా అక్కడే గాలి పోతుంది, ఇంక మోటర్ ఎంత మంచిదైనా కార్పెట్లో తడి లాగలేదు. తర్వాత పైపు ఊడదీసి మెషిన్ నోటికి అరచెయ్యి పెట్టు, గట్టిగా పట్టేసిందంటే మెషిన్ బానే ఉంది, తేడా పైపు వైపే ఎక్కడో ఉంది. పట్టలేదంటే లోపల జాలీ తియ్యి, కుక్క వెంట్రుకలూ కార్పెట్ పీచూ అట్టకట్టి ఉంటాయి చూడు.

మోటర్ నిజంగా పోయేది నురగ వల్ల. ట్యాంకు నిండితే నీళ్ళకి ఫ్లోట్, అదే లోపల తేలే బిరడా, పైకి లేచి గాలి మూసేస్తుంది, మోటర్ సౌండ్ సన్నగా మారుతుంది, వెంటనే ఆపెయ్యాలి. కానీ నురగకి ఆ ఫ్లోట్ లేవదు నాన్నా, నురగ దాన్ని దాటుకుని నేరుగా మోటర్లోకి పోతుంది. ఇదివరకు షాంపూ వేసిన కార్పెట్ అయితే నురగ చంపే మందు, డీఫోమర్, మురికి ట్యాంకులోనే వెయ్యి, మంచినీళ్ళ దాంట్లో కాదు.

ఇంక మీ ఏరియా బోరు నీళ్ళు, కుక్కర్లో తెల్లగా ఎలా పేరుకుంటుందో పంపులో, నాజిల్‌లో కూడా అంతే. కుదిరితే నల్లా నీళ్ళే పొయ్యి. స్ప్రే కొడితే మధ్యలో పొడి గీత కనిపిస్తోందంటే నాజిల్ మూసుకుపోయినట్టే, పిన్నీసు మాత్రం పెట్టకు, కన్నం పెద్దదైతే ఫ్యాన్‌లా పడాల్సిన నీళ్ళు ధారలా పడతాయి, ఆ నాజిల్ ఇక పనికిరాదు. విప్పి రాత్రంతా వెనిగర్లో వెయ్యి. నెలకోసారి లీటరు వెనిగర్‌కి నాలుగు లీటర్ల నీళ్ళు కలిపి పంపులోంచి పోనిచ్చి, అరగంట ఆగి, మంచినీళ్ళతో బాగా కడిగెయ్యి. బాత్రూం యాసిడ్ వద్దు, బ్లీచింగ్ అస్సలు వద్దు, వెనిగర్ తో బ్లీచింగ్ కలిస్తే వచ్చే గ్యాస్ ఊపిరితిత్తులకి ప్రమాదం.

రాత్రి ఎంత లేటైనా రెండు ట్యాంకులూ ఖాళీ చేసే పడుకో. షాంపూ లైన్లో ఎండకుండా ఒక నిమిషం ఉత్త నీళ్ళు కొట్టు, పైపు తీసేసి రెండు మూడు నిమిషాలు సక్షన్ ఒక్కటే నడిపితే మోటర్లో చెమ్మ ఆరుతుంది, మూతలు తెరిచే ఉంచు. ఇది చేస్తే ఆ కంపు సగం రాదు.

ఒక్కటి మాత్రం నా మాట వినాలి, వాళ్ళింట్లో రెండు పిన్నుల ప్లగ్ పాయింటే ఉందని ఎర్త్ పిన్ను పీకెయ్యకు, తడి కార్పెట్ మీద నిలబడి చేసే పని అది. వైరు తోలు ఎక్కడ లేచినా టేపు చుట్టకుండా వైరే మార్పించు.

మోటర్ దగ్గర నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తే దాన్లోని కార్బన్ బ్రష్షులు అరిగాయని అర్థం. కరెంటు తీసేసి పాతవి విప్పి ఫోటో పెట్టు, వాటి పక్కన స్కేలు పెట్టి తియ్యి, సైజు చూసి ఇక్కడి షాపులో దొరికితే ఆదివారం వచ్చేప్పుడు పట్టుకొస్తా.

నాన్న